గొడుగమ్మ రెండోసారి పిలవలేదు

వంటబాబాయ్‌కి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. పాస్‌పోర్టులోనైనా ఉండి తీరాలి కదా. కానీ యాత్రల కంపెనీలో ఆ పేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. ఆయనకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా బస్సు దిగీ దిగగానే "బాబాయ్, కాఫీ" అనేవారు. పళ్ళూడిన పెద్దాయన అడిగినా సరే, బాబాయ్ "వస్తోంది బాబూ" అనే అనేవాడు.

ఆయన చేసే పని వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ మనవాళ్ళకి బాగా అలవాటైనదే. విమానమెక్కి కొత్త దేశం చూడటానికి వెళ్ళే జనానికి అక్కడ కూడా ఇంటి భోజనమే వండి పెట్టడం. కంపెనీ కాగితాల మీద సముద్రం బొమ్మ చిన్నగానూ, అన్నం పళ్ళెం బొమ్మ పెద్దగానూ ఉండేవి. "ఎక్కడికెళ్ళినా మన భోజనమే!" అని దాని కింద అచ్చువేసేవారు. ఆ మాట చూసే జనం ఎగబడేవారు. జలపాతం చూడకపోయినా సర్దుకుంటారు, మధ్యాహ్నం పెరుగు లేకపోతే మాత్రం కంపెనీని నిలువునా కడిగేస్తారు. ఇంట్లో తినేదే తినడానికి అంత దూరం వెళ్ళడం దేనికని అడగాలనిపిస్తుంది. అడిగితే అందరికీ కోపం వస్తుంది కాబట్టి వదిలేద్దాం.

బాబాయ్ ఎక్కువగా వెళ్ళింది ఒకే దేశానికి. ఏడాది పొడుగునా ఎండ, మధ్యాహ్నానికి వాన, వాన వెలిసీ వెలవగానే మళ్ళీ ఉక్క. కంపెనీ వాళ్ళు దిగే లాడ్జి అంగడి వీధికి వెనకవైపు ఉండేది. బట్టలు ఉతికే గది పక్కన రేకుల చావడిని వంటకి ఇచ్చారు. రెండు పెద్ద పొయ్యిలు, ఒక కొళాయి, రెక్క విరిగిన ఫ్యాను. ఆ ఫ్యాను తిరుగుతుంటే లోపల ఎవరో గొణుగుతున్నట్టుండేది. బాబాయ్‌కి సాయం ఆయన తోడల్లుడు. కూరలు తరగడంలో నెమ్మది, కబుర్లలో జోరు. అతనికి లేని సందేహం లేదు, బాబాయ్‌కి చెప్పే ఓపిక లేదు. అయినా ఇద్దరికీ బాగానే సాగింది.

మొదటి యాత్రలోనే మేనేజరు బాబాయ్‌ని పక్కకి పిలిచాడు.

"ఒక్క మాట బాబాయ్. మీరు బయట ఎక్కడా తినకండి. మన వంటాయనే బయట తింటున్నాడని తెలిస్తే ఇక మన భోజనాన్ని ఎవరు నమ్ముతారు చెప్పండి?"

బాబాయ్ తలూపాడు. ఆయన తలూపాడంటే అయిపోయినట్టే. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ దేశంలో బయట ఆయన నోట పెట్టినది కొబ్బరినీళ్ళు ఒక్కటే. "అది వండినది కాదు కదా" అని తోడల్లుడికి సమాధానం చెప్పుకునేవాడు. అతను అడగకపోయినా చెప్పేవాడు.

కానీ ముక్కుకి ఎవరు అడ్డం? బాబాయ్ ముక్కు మామూలు ముక్కు కాదు. పక్క గదిలో కూర్చుని పోపు ఎప్పుడు దించాలో చెప్పగలడు. మూత తీయకుండానే అన్నం అడుగంటుతోందని పట్టేయగలడు. అలాంటి ముక్కున్నవాడు తెల్లవారగానే సంచీ పట్టుకుని అంగడికి వెళితే ఆ వీధి ఊరుకుంటుందా? నిప్పుల మీద చేపలు కాలే వాసన, పచ్చికొబ్బరి వేగే వాసన, పళ్ళు నలిపి రసం తీసే చోట తియ్యటి పులుపు. నోరూరడం అంటే ఏమిటో బాబాయ్‌కి అక్కడ రోజూ తెలిసొచ్చేది. గుటకలు మింగుతూ టమాటాలు ఏరుకునేవాడు.

కూరగాయల వరస అయిపోయి చేపల వరస మొదలయ్యే మూల మీద ఒక పెద్ద గొడుగు ఉండేది. ఒకప్పుడు నీలం రంగుది కాబోలు. దాని కింద రెండు పొయ్యిలు, మూడు పొట్టి బల్లలు, వాటి మధ్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడే ఒకావిడ. బాబాయ్ ఆవిడకి గొడుగమ్మ అని పేరు పెట్టుకున్నాడు. ఆవిడతో పరిచయం అల్లం వల్ల అయింది. పక్క కొట్టులో బాబాయ్ అల్లం ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే గొడుగమ్మ ఫక్కున నవ్వి, తన బుట్టలోంచి ఒక కొమ్ము తీసి అలాగే విరిచి, అలాగే వాసన చూసి చూపించింది. ఇద్దరూ ఒక పనివాళ్ళేనని ఇద్దరికీ అర్థమైపోయింది. ఆ తర్వాత బాబాయ్ వచ్చినప్పుడల్లా ఆవిడ గరిటె ఎత్తి పలకరించేది.

ఒక యాత్రలో, పొద్దుటి రద్దీ తగ్గాక, ఆవిడ ఆయన్ని చెయ్యి ఊపి పిలిచింది. అమ్మకానికి పెట్టిన పెద్ద కుండలోది కాదు, తమ ఇంటివాళ్ళ కోసం పక్కన పెట్టుకున్న చిన్న గిన్నెలోని చేపల కూర వేడివేడిగా ఒక కప్పులో పోసింది. గుడ్డతో బల్ల తుడిచింది. కూర్చోమంది.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. మన ఇళ్ళల్లో తిండికి పిలవడం, తినడం ఒక పెద్ద నాటకం. మొదటిసారి పిలవగానే "అబ్బే, వద్దండీ, ఇప్పుడే అయింది" అనాలి. "అలా అంటే ఎలాగండీ, ఒక్క ముద్ద" అని వాళ్ళు అనాలి. "మీకెందుకు శ్రమ" అని మనం నసగాలి. మూడోసారికి కూర్చుని రెండుసార్లు మారు వేయించుకోవాలి. మొదటి పిలుపుకే కూర్చున్నవాణ్ణి తిండికి మొహం వాచినవాడు అంటాం. బాబాయ్ ఆ నాటకంలో పుట్టి పెరిగినవాడు. పైగా మొహమాటంలో ఆయన్ని మించినవాడు లేడు.

కాబట్టి నవ్వుతూ ఒక అడుగు వెనక్కి వేశాడు. కప్పు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. వాళ్ళ భాషలో తనకి వచ్చిన ఒకే ఒక్క "వద్దు" అన్నాడు. ఆ మాట ఆయన టమాటాలు, వంకాయలు ఏరేటప్పుడు పక్కవాళ్ళ నోట విని నేర్చుకున్నాడు. అనేసి, రెండో పిలుపు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

గొడుగమ్మ ఆయన చెయ్యి వంక చూసింది. కప్పు వంక చూసింది. కప్పు తీసుకెళ్ళి చేపల బుట్టలు మోసే మనిషికి ఇచ్చేసి, పొయ్యి వైపు తిరిగిపోయింది.

బాబాయ్ సంచీ తీసుకుని వెనక్కి తిరిగాడు. నోరు మాత్రం ఊరుతూనే ఉంది.

"ఒక్కసారి అడిగి ఊరుకుందిరా!" అన్నాడు వంటచావడికి వచ్చి.

"పై పై పిలుపు అయ్యుంటుంది అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు బీన్సు తుంచుతూ. "నిజంగా పెట్టాలనుకుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టదూ?"

ఆ మాట బాబాయ్‌కి నచ్చింది. తప్పు అవతలివాళ్ళదని చెప్పే మాట ఎవరికి నచ్చదు? ఇంటికి వెళ్ళాక భార్యకి కూడా అలాగే చెప్పాడు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

"మీరు వద్దన్నారు. వద్దనుకుంది. ఇందులో ఆవిడ తప్పేముంది? ఈసారి వెళ్ళినప్పుడు మీరే అడిగి తినండి."

"అడుక్కుని తినమంటావా?"

"అడగడానికీ అడుక్కోవడానికీ తేడా తెలీదు మీకు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఇంకొంచెం కూర వెయ్యమని ఒక్కనాడు అడిగారా? మీ కంచం నేను కనిపెట్టి చూసుకోబట్టి సరిపోయింది. ఆవిడకేం కర్మ?"

తర్వాతి యాత్రల్లో బాబాయ్ అడగలేదు. అడగకుండా పిలిపించుకోవాలని మాత్రం చేయని ప్రయత్నం లేదు. గొడుగు పక్కనే సంచీ దించి చెమట తుడుచుకునేవాడు. అక్కర లేకపోయినా పక్క కొట్టులో అల్లం కొనేవాడు. ఆ ఏడు ఆయన వండిన ప్రతి కూరలోనూ అల్లమే. "బాబాయ్, ఇవాళ కూడానా?" అని యాత్రికులు మొర పెట్టుకున్నారు. గొడుగమ్మ అందరినీ పలకరించేది, అందరితో నవ్వేది. ఈయన కనిపిస్తే తల వంచుకుని గిన్నె కలిపేది. గరిటె ఎత్తడం మానేసింది.

ఇప్పుడు తలుచుకుంటే బాబాయ్‌కి ఒళ్ళు మండుతుంది, తన మీద తనకే. అప్పుడు ముక్కుంది, నాలుకుంది, ఆవిడా ఉంది. మూడడుగులు వేసి బల్ల మీద కూర్చుంటే ఏం పోయేది? కంపెనీ ఉరి తీస్తుందా? అదేమీ కాదు. రెండోసారి పిలిపించుకోకుండా కూర్చోవడం ఆయనకి చేతకాలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

తర్వాత ఒక వేసవిలో, ఇంటి దగ్గరున్నప్పుడు, ఆయనకి జ్వరం తగిలింది. మనిషిని బాగా పీల్చేసి, ఎలాగో తగ్గింది. లేచి కూర్చుని కాఫీ నోట్లో పోసుకుంటే వేడినీళ్ళలా ఉంది. పొడి పాతదయిందని భార్యని కసిరాడు. ఆవిడ కొత్త పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ లేదు. ఇంగువ డబ్బా తెచ్చింది. ఏమీ లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొందరికి తిరిగొస్తుంది," అన్నాడు డాక్టరు. బాబాయ్‌కి రాలేదు.

కంపెనీకి చెప్పలేదు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారు. చేతికి తెలిసిన కొలతలతో వండుకొచ్చాడు. ఉప్పూ కారం తోడల్లుడు నాలిక మీద వేసుకుని కళ్ళతో సైగ చేసేవాడు. ఎవరి దగ్గరా నోరు జారకుండా ఆ ఒక్క రహస్యం అతను కాపాడాడు, పాపం. కానీ ఒక ఉదయం పాలు అడుగంటి మాడి, ఆ కంపు భోజనాల గది దాకా వెళ్ళింది. యాత్రికులు ముక్కులు మూసుకుని చావడిలోకి వచ్చి చూస్తే, బాబాయ్ ఆ పాలగిన్నె పక్కనే నిలబడి తాపీగా కొత్తిమీర కడుగుతున్నాడు. ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఇదే ఆఖరి యాత్ర అని ఆ పూటే తోడల్లుడితో అన్నాడు. మేనేజరుకి మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పాడు.

ఆ యాత్రలో బస్సు నడిపినవాడు ఆ దేశం మనిషే, కొత్తగా చేరాడు. ఇంతకుముందు వేరే కంపెనీలో మనవాళ్ళనే తిప్పి తిప్పి మన భాష నేర్చుకున్నాడు. బస్సులో వినబడే మాటలే నేర్చుకున్నాడు కాబట్టి అతని మాటలన్నీ "జాగ్రత్త అమ్మగారూ", "తొందరగా తొందరగా" లాగే ఉండేవి. తిరుగు ప్రయాణానికి ముందు సాయంత్రం, వాన పడుతుంటే, బస్సు మెట్టు మీద కూర్చుని ఆకు పొట్లం విప్పుకుని తింటున్నాడు.

"కూర్చోండి బాబాయ్. గొడుగు కింద ఆవిడ దగ్గర కొన్నాను. కొంచెం తినండి."

"నాకెందుకులే," అన్నాడు బాబాయ్. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది పైకి వచ్చేసింది. "ఆవిడ నన్ను ఒక్కసారే పిలిచి ఊరుకుంది."

డ్రైవరు నమలడం ఆపాడు.

"ఆ వంటాయన మీరేనా?"

"ఏ వంటాయన?"

"ఆవిడ మా అందరికీ చెప్తుంది బాబాయ్. పరాయి దేశం వంటాయన ఒకాయన వస్తుంటాడు, ముక్కు చాలా మంచిది, ఆయనకి మా అమ్మ నేర్పిన కూర పెట్టాను, చెయ్యి అడ్డం పెట్టి కుళ్ళింది అన్నాడు, అని."

"కుళ్ళిందనలేదయ్యా! వద్దన్నాను!"

"ఏమని అన్నారు? ఆ మాట అనండి."

బాబాయ్ ఆ మాట అన్నాడు. డ్రైవరు పొట్లం పక్కన పెట్టేశాడు.

"అది పాడైపోయిన సరుకు పక్కకి తోసేటప్పుడు అనే మాట. తిండి పెట్టినవాళ్ళతో అలా అనకూడదు, బాబాయ్. అందులోనూ మూత పెట్టినట్టు చెయ్యి అడ్డం పెట్టి! ఆ కూర ఆవిడ మళ్ళీ బయటివాళ్ళకెవరికీ పెట్టలేదు."

బాబాయ్ ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్ళూ తనకే అవమానం జరిగిందని ఆ గొడుగు చుట్టూ తిరిగాడు. అవతల ఒక మనిషి తన తల్లి చేతి వంటని అనుమానిస్తూ బతికిందని ఆయనకి కలలో కూడా తట్టలేదు.

"రేపు పొద్దున నేనొస్తాను. నేను చెప్తాను," అన్నాడు డ్రైవరు.

"వద్దు, నువ్వు బస్సు కడగాలి, సామాన్లు ఎక్కించాలి, ఎందుకు శ్రమ," అన్నాడు బాబాయ్. చూశారా, మళ్ళీ అదే. "నాకు రెండు మాటలు నేర్పు చాలు. ఆకలేస్తోంది, పెట్టు. ఆ రెండూ నేర్పు."

డ్రైవరు నేర్పాడు. తన ముక్కు సంగతి బాబాయ్ అతనికి చెప్పలేదు. అది గుట్టు కదా.

మర్నాడు పొద్దున సంచీ లేకుండా అంగడికి వెళ్ళాడు. తిన్నగా వెళ్ళి గొడుగు కింద బల్ల మీద కూర్చున్నాడు. ఆ రెండు మాటలూ అన్నాడు. మాటలు సరిగ్గానే వచ్చాయి.

గొడుగమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆవిడ మొహం విచ్చుకుంది. పెద్ద కుండ మీద మూత పెట్టేసింది. తినడానికి వచ్చినవాళ్ళని తర్వాత రమ్మని తోలేసింది. చిన్న గిన్నె కడిగి పొయ్యి మీద పెట్టి, మొదటినుంచి చెయ్యడం మొదలుపెట్టింది. అల్లం దంచింది. కొబ్బరి ఎర్రబడే దాకా వేయించింది. ఏవో ఆకులు చేత్తో నలిపి వేసింది. వంటవాడు కదా, బాబాయ్‌కి ఆ చేతుల పనితనం తెలుస్తూనే ఉంది. ఆవిరి వచ్చి ఆయన మొహానికి కొట్టింది. వెచ్చగా తగిలిందంతే.

కప్పు నిండా పోసి ఇచ్చింది. బాబాయ్ తిన్నాడు. నాలుక మీద వేడి తెలిసింది, గొంతులో కారం మంట తెలిసింది, చేప మెత్తగా విడిపోవడం తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు. ఆవిడ మారు పోసింది. తిన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికి అనుకుని ఆవిడ నవ్వి, కొబ్బరినీళ్ళ గ్లాసు జరిపింది.

"బాగుంది," అన్నాడు. ఆ మాట ఆయనకి వాళ్ళ భాషలో వచ్చు.

ఆవిడ చెయ్యి ఊపి కొట్టిపారేసింది, అది అందరూ అనేదేగా అన్నట్టు. ఎదుట కూర్చుంది. గరిటెతో ఆయన గుండె మీద మెల్లగా తట్టి, తర్వాత తన గుండె మీద తట్టుకుని, "ఏం తక్కువైంది?" అని అడిగింది. తూకాల దగ్గర రోజూ వినే మాటే కాబట్టి బాబాయ్‌కి అర్థమైంది. వంటవాళ్ళు వంటవాళ్ళనే అడిగే ప్రశ్న అది. ఊరికే తినేవాళ్ళని ఎవరూ అడగరు.

ఏమీ తక్కువ కాలేదని చెప్పేస్తే సరిపోయేది. కానీ ఆవిడ అంత నమ్మకంగా మొహంలోకి చూస్తుంటే ఆయనకి అబద్ధం నోట రాలేదు. ఒకసారి తినాలని ఉండీ వద్దన్నాడు, ఇంకోసారి తెలియకుండానే తెలిసినట్టు చెప్పమంటారా? నిజం చెప్పాలనుకున్నాడు. నిజానికి కావలసిన మాటలు లేవు. అందుకని వేలితో ముక్కు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, తల తిప్పాడు.

గొడుగమ్మ నవ్వు ఆగిపోయింది.

బాబాయ్ కంగారుపడ్డాడు. మళ్ళీ ముక్కు చూపించాడు, మళ్ళీ చెయ్యి ఊపాడు, అది కాదు కాదు అనబోయాడు. కాదనడానికి ఆయనకి వచ్చిన మాట ఒక్కటే. ఆ కంగారులో అదే నోట్లోంచి ఊడిపడింది.

ఆవిడ ఆయన చేతిలోంచి కప్పు తీసుకుంది. వంగి కప్పు వాసన చూసింది. గిన్నె మూత తీసి, దాన్ని కూడా వాసన చూసింది. అంతకన్నా ఆవిడ తిట్టినా బాగుండేది. వీధి చివర బస్సు హారన్ కొడుతోంది. తోడల్లుడు "అన్నయ్యా, టైమైపోయింది!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చి బాబాయ్ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని బాబాయ్ అంతా చెప్పాడు. ముక్కు సంగతి కూడా.

"నిన్ననే చెప్పి ఉంటే నేను వచ్చేవాణ్ణి కదా బాబాయ్," అన్నాడు డ్రైవరు. "సరే, వెళ్ళాక ఆవిడకి చెప్తాను."

"నాకు వాసన తెలియదు, అని మీ భాషలో ఎలా అంటారు?"

డ్రైవరు చెప్పాడు. చాలా చిన్న మాట. విమానాశ్రయం దాకా బాబాయ్ దాన్ని అంటూనే ఉన్నాడు, డ్రైవరు దిద్దుతూనే ఉన్నాడు.

డ్రైవరు ఆవిడకి చెప్పే ఉంటాడు. చెబితే ఆవిడ నమ్మిందో, మర్యాదకి అల్లిన కథ అనుకుందో బాబాయ్‌కి తెలిసే దారి లేదు. కంపెనీ ఇప్పుడు సముద్రం ఒడ్డున ఇంకేదో హోటల్లో దిగుతోందట. ఇంట్లో బాబాయ్ అప్పుడప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాట అనుకుంటూ ఉంటాడు. పలకడంలో ఇప్పుడు ఒక్క తప్పు లేదు. మొన్న ఆయన భార్య విని, అదేమిటని అడిగింది. అర్థం చెప్పాడు.

"బాగానే నేర్చుకున్నారు," అంది ఆవిడ, ఆయన కంచంలో అడగకుండానే కూర వేస్తూ. "ఎవరితో అంటారు ఇప్పుడు?"

బాబాయ్ తల వంచుకుని తిన్నాడు.